అందరూ మైకులు ఆపేయండి... ఇక పాడదాం!

2020 మార్చి 10. మంగళవారం సాయంత్రం ఆరున్నర.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం. మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరు. చర్చి హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. వరసకు ఇరవై చొప్పున ఆరు వరసలు. కుర్చీకీ కుర్చీకీ మధ్య జానెడు సందు. గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా పెట్టారు. కౌగిలింతలు వద్దన్నారు. చేతులు కలపొద్దన్నారు. హాళ్లు మూసేయమని అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. ఇంతకన్నా జాగ్రత్త ఏం కావాలి?

స్కాజిట్ వ్యాలీ కొరాల్ బృందంలో 122 మంది. ఆ సాయంత్రం వచ్చింది 61 మంది. పెద్ద వయసువాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒకరికి మూడు రోజులుగా ఒంట్లో నలతగా ఉంది. జలుబు లాంటిదేదో. జలుబేగా!

గుండెల నిండా గాలి పీల్చుకుని, పక్కవాళ్ల శ్రుతికి చెవి ఒగ్గి, కాసేపు అందరూ కలిసి, కాసేపు జట్లుగా విడిపోయి, మధ్యలో పావుగంట ఆగి కమలాపండ్లూ బిస్కెట్లూ తిని, మళ్లీ కలిసి, మొత్తం రెండున్నర గంటల సాధన ముగించుకుని, తొమ్మిదింటికి కుర్చీలు తీసి పేర్చి ఇళ్లకు వెళ్లిపోయారు. ఐదో రోజున అందరికీ ఒక మెయిల్ వచ్చింది.

కొందరికి జ్వరమట.

లెక్క తేలేసరికి 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. పాడటం వల్లే కోవిడ్ వైరస్ అంతగా వ్యాపించి ఉండొచ్చని మే నెలలో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నివేదిక రాసింది. ఆ మాట కోసం ఎవరూ మే దాకా ఆగలేదు. మార్చి ఆఖరుకే వార్త ఖండాలు దాటింది. పది మంది ఒక గదిలో చేరి గొంతెత్తితే ప్రాణం మీదికొస్తుంది!

సరిగ్గా ఆ రోజుల్లోనే, అట్లాంటిక్‌కు ఆవలి గట్టున, వారానికోసారి పది మందితో కలిసి పాడితే తప్ప గొంతు విప్పని మనుషులు ఇళ్లలో తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

* * *

ఇంగ్లండు. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. అప్పటికి బ్రిటన్‌లో మతిమరుపు ముదిరే డిమెన్షియా జబ్బుతో ఉన్నవాళ్లు సుమారు 8.5 లక్షలు. వాళ్లలో ఎవరిదైనా కావచ్చు ఈ ఇల్లు. చాలా వంటగదుల్లో జరిగినదాన్ని ఒక్క వంటగదిలోకి తెచ్చి చెబుతున్న కథ ఇది.

బయట ఎండ విరగకాస్తోంది. అక్కడ లెక్కలు మొదలుపెట్టిన నాటి నుంచి అప్పటిదాకా అంత ఎండ కాసిన వసంతం లేదు. ఎండ కోసం మొహం వాచిపోయే దేశంలో, ఎండ వచ్చిన ఏడాదే జనం లోపల ఉండిపోయారు. మార్చి 23 రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కనిపించి ఇళ్లలోనే ఉండమన్నాడు. డిమెన్షియా ఉన్న ఆ ఇంటి పెద్దాయన ఆ ప్రసంగం మొత్తం విన్నాడు. పూర్తయ్యాక భార్య వైపు తిరిగాడు.

"మనం ఇంటికెప్పుడు వెళ్తాం?"

వాళ్లు ఇంట్లోనే ఉన్నారు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నారు.

ఆమె జవాబు చెప్పలేదు. గోడ మీది క్యాలెండర్ చూసింది. మంగళవారాలన్నిటి చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రాలు. పాటల రోజులు. మంగళవారం ఏదో ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు. ఆ రోజు కోసం వారమంతా కాచుకుని ఉండేది అసలు ఎవరు?

* * *

ఆ గుండ్రాల వెనక ఒక కథ ఉంది. 2003లో బెర్క్‌షైర్ జిల్లా న్యూబరీలో అల్జైమర్స్ సొసైటీ ఉద్యోగిని క్రియాన్ మాంట్‌గొమరీ-స్మిత్ ఒక పాటల గుంపు మొదలుపెట్టింది. పేరు 'సింగింగ్ ఫర్ ద బ్రెయిన్'. మెల్లగా దేశమంతా పాకింది. పద్ధతి మామూలుగానే కనిపిస్తుంది. గుండ్రంగా కుర్చీలు. ముందు టీ, బిస్కెట్లు, కబుర్లు. చొక్కా మీద పేరు చీటీ. తర్వాత పలకరింపు పాట. అందులో ఒక్కొక్కరి పేరూ వస్తుంది. పేరు వచ్చిన మనిషి తలెత్తుతాడు. ఆ తర్వాత పాత పాటలు, ఒకటో రెండో కొత్తవి, చేతిలో గిలకలు, చప్పట్లు.

ఒక నియమం మాత్రం గట్టిది. జబ్బు మనిషిని దింపేసి వెళ్లిపోవడం కాదు. తోడొచ్చినవాళ్లూ కూర్చోవాలి, పాడాలి.

క్యాలెండర్ చూసిన ఆమె కూర్చునేది. పాడేది కాదు. పెదాలు కదిపి ఊరుకునేది. చిన్నప్పుడు స్కూల్లో టీచరమ్మ ఒకావిడ, నువ్వు పాడకు, ఊరికే నోరు తెరువు చాలు అంది. అరవై ఏళ్లుగా ఆమె నోరే తెరుస్తోంది. ఆయన గొంతు మాత్రం ఖంగుమనేది. పొద్దున తిన్నదేమిటో చెప్పలేని మనిషి మూడో చరణం మాట పొల్లుపోకుండా పాడేవాడు. చుట్టూ ఇరవై మంది. మధ్యలో ఆయన. ఆ గంటసేపు ఆమె వీపు కుర్చీకి ఆనేది.

ఇప్పుడు హాలుకు తాళం పడింది.

డే సెంటర్లు మూసేశారు. ఇంటికొచ్చి సాయం చేసే మనిషి రావడం మానేసింది. కూతురు కిటికీ బయట నిలబడి చెయ్యూపి వెళ్తోంది. ఎందుకు లోపలికి రావడంలేదో ఆయనకు అర్థం కాదు, అడుగుతాడు, ఆమె చెబుతుంది, పది నిమిషాలకు మళ్లీ అడుగుతాడు, మళ్లీ చెబుతుంది, మధ్యాహ్నానికి ఆయన అడగడం మానేసి తలుపు వైపే చూస్తూ కూర్చుంటాడు. బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఆ మార్చి నుంచి జూన్ వరకు ఇంగ్లండు, వేల్స్‌లలో కోవిడ్‌తో పోయినవాళ్లలో నాలుగో వంతు మందికి డిమెన్షియా ఉంది. వార్తలు రాగానే ఆమె టీవీ కట్టేసేది.

రెండు వారాలు గడిచేసరికి ఆయన మాటలు తగ్గిపోయాయి. మూడో వారం పేరు పెట్టి పిలిచినా తల తిప్పలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. పాటల గుంపు నడిపే ఆవిడ.

"మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా?"

* * *

మంగళవారం. ఉదయం పదకొండు.

వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్. కింద రెండు వంటల పుస్తకాలు ఎత్తు పెట్టారు. కూతురు ఫోన్‌లోనే చెబుతూ చెబుతూ జూమ్ ఎక్కించింది. తెర వెలిగింది. చిన్న చిన్న గళ్లు. గడికో ఇల్లు. ఒక గడిలో నుదురు మాత్రమే ఉంది. ఒక గడిలో సీలింగ్ ఫ్యాన్. ఇంకో గడిలో ఒక పెద్దావిడ కెమెరాకు ముక్కు ఆనించి చూస్తోంది.

ఆయన వంగి చూశాడు. మొహం ముడుచుకుంది.

"ఎవరు వీళ్లంతా? మన వంటింట్లోకి ఎలా వచ్చారు?"

"హాలు వాళ్లే. గుర్తుపట్టలేదా?"

గుర్తుపట్టలేదు. ఒక గడిలో తన మొహమే కనిపించింది. ఆ ముసలాయన్ను అసలే గుర్తుపట్టలేదు.

గుంపు నడిపే ఆవిడ కీబోర్డు మీద శ్రుతి ఇచ్చింది. పలకరింపు పాట ఎత్తుకుంది. ఇరవై ఇళ్లు ఒక్కసారిగా గొంతు కలిపాయి.

ఘోరం!

ఒక ఇల్లు రెండో మాట దగ్గర ఉంటే ఇంకొకటి మొదటి మాట దగ్గరే ఉంది. ఒక గొంతు పైకి లేచింది, మధ్యలో తెగింది. ఎవరి కుక్కో మొరిగితే దాని గడి చుట్టూ పసుపు గీత వెలిగి, పాటంతా పోయి మొరుగుడే మిగిలింది. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. కుర్చీ వెనక్కి నెట్టాడు. పాట ఆగిపోయింది. తెర మీద ఇరవై మొహాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

ఆ రోజుల్లో జూమ్‌లో పుట్టినరోజు పాట పాడబోయి నవ్వులపాలైన కుటుంబానికల్లా ఈ గోల తెలుసు. కారణం మాత్రం భౌతికశాస్త్రం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. హాల్లో పది మీటర్ల అవతల నిలబడ్డ మనిషి గొంతు మన చెవిన పడటానికి దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. కలిసి పాడేవాళ్లు ఆ కాస్త ఆలస్యాన్నీ సర్దుకుంటారు. అది దాటిందా, ఒకరి కోసం ఒకరు ఆగుతూ తాళం సాగదీస్తారు. వీడియో కాల్‌లో గొంతు మైకు నుంచి సర్వరుకూ, సర్వరు నుంచి ఇంకో ఇంటికీ వెళ్లేసరికి అంతకు కొన్ని రెట్ల ఆలస్యం. ఆపైన ఆ యాప్‌లను చేసింది ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినే మీటింగుల కోసం. ఒకేసారి ఇరవై గొంతులు లేస్తే ఒకదాన్ని నిలబెట్టి మిగతావాటిని నొక్కేస్తాయి. దీర్ఘం తీసిన స్వరాన్ని ఫ్యాను మోత అనుకుని చెరిపేస్తాయి.

ఇంటర్నెట్‌లో బృందగానాలు అంతకుముందూ ఉన్నాయి. 2010లోనే ఎరిక్ విటెకర్ పన్నెండు దేశాల నుంచి 185 గొంతులను కలిపి వినిపించాడు. కానీ అవి ఎవరికి వారు విడివిడిగా పాడి పంపితే తర్వాత కూర్చుని కుట్టినవి. ఇక్కడ కుట్టడానికి రేపు అనేది లేదు. ఈ క్షణం పాడాలి. ఈ క్షణం వినాలి.

తెర మీద గుంపు నడిపే ఆవిడ దీర్ఘంగా ఊపిరి తీసుకుంది.

"ఒక పని చేద్దాం. అందరూ మైకులు ఆపేయండి. నా ఒక్కదానిదే ఉంటుంది. మీరు మీ ఇంట్లో పాడండి."

ఒక్కో గడి మూలనా ఎర్ర గీత పడింది. ఇరవై ఇళ్లు మూగబోయాయి.

* * *

ఇప్పుడు వంటింట్లో ఉన్న గొంతులు లెక్కపెట్టండి. ల్యాప్‌టాప్‌లోంచి సన్నగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఒక గొంతు. ఆయనది మూతపడింది. ఇక మిగిలింది ఒకటే.

ఆమె అటూ ఇటూ చూసింది. హాల్లో అయితే పక్కన పాడటానికి పందొమ్మిది మంది ఉండేవాళ్లు. నోరు తెరిస్తే సరిపోయేది. ఇక్కడ తను పాడకపోతే ఈ ఇంట్లో పాటే లేదు.

ఇంతలో ఆయన లేచాడు. వంటింట్లోంచి నడవాలోకి, నడవాలోంచి వీధి తలుపు దగ్గరికి. కొక్కేనికున్న కోటు తీశాడు. ఒక చెయ్యి దూర్చాడు.

"ఇంటికెళ్లాలి. ఆలస్యమైంది."

గొళ్లెం కదిలిన చప్పుడు. గుండె ఝల్లుమంది ఆమెకు. బయట రోడ్డు. బయట వైరస్. వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. ఇదే ఇల్లు అని వాదిస్తే అరుస్తాడు. నిన్న అరిచాడు. మొన్నా అరిచాడు. ఆమె కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది.

ఆగిపోయి, నోరు తెరిచింది.

ఈసారి గొంతు వచ్చింది. బొంగురుగా, శ్రుతికి ఒక మెట్టు కిందనే. అయినా వచ్చింది. ల్యాప్‌టాప్ వైపు కాదు, నడవా వైపు తిరిగి, పెళ్లికాక ముందు డ్యాన్సు హాలులో ఇద్దరూ విన్న పాట, సిగ్గుపడుతూ, మొదటి చరణం పూర్తిచేసి రెండోది ఎత్తుకుని, మాట మర్చిపోయి, అక్కడ లాలాలా అని దాటేసి, ఊపిరి అందక ఆగితే...

ఆగిపోయిన చోటి నుంచి నడవాలో ఇంకో గొంతు అందుకుంది. తను మర్చిపోయిన మాటతో సహా.

* * *

ఆ మాట ఆయనకెలా మిగిలింది? 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఇదే ప్రశ్న పట్టుకున్నారు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, చాలాకాలంగా తెలిసిన పాట వినేటప్పుడు మెదడులో ఏ చోటు పనిచేస్తుందో గుర్తుపట్టారు. తర్వాత అల్జైమర్స్ రోగుల మెదళ్లలో అదే చోటు ఎంత పాడైందో చూశారు. మిగతా మెదడు కుంచించుకుపోతున్నా ఆ చోటు చాలావరకు నిలబడే ఉంది. పేర్లూ తేదీలూ ముందు పోతాయి. పాట చాలా ఆలస్యంగా పోతుంది.

అంతకు ఏడాది ముందు ఫిన్లండ్‌లో టెప్పో సర్కమో బృందం ఇంకోటి తేల్చింది. రోగి, తోడున్న మనిషి కలిపి 89 జంటలు. కొన్ని జంటలతో పది వారాలు పాడించారు. కొన్నిటికి పాటలు వినిపించారు. మిగిలినవాళ్లకు మామూలు సేవలే. పాడిన జంటల్లో రోగికి తాత్కాలిక జ్ఞాపకశక్తి కాస్త మెరుగుపడింది. తోడున్న మనిషి మనసు కూడా తేలికపడింది. రోగి కోసం పెట్టిన పాట తోడున్నవాళ్లకూ పట్టిందన్నమాట!

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. పక్కన కూర్చునే కోడళ్లూ కూతుళ్లూ భార్యలూ ఆ లెక్కలో లేరు.

* * *

వంటింట్లో మంగళవారాలు తిరిగొచ్చాయి.

అన్నీ మంచి మంగళవారాలే అనుకునేరు. ఒకసారి నెట్ పోయింది. ఒకసారి ఆయన పాట మొత్తం నిద్రపోయాడు. ఒకసారి తెరలోని ఓ పెద్దమనిషికి కోపం వచ్చి, ఏదో తిట్టి, ల్యాప్‌టాప్ మూత టపీమని మూశాడు. పక్క వీధిలో ఒకావిడకు కంప్యూటరే లేదు. ఆవిడ గడి ఎప్పటికీ వెలగలేదు. చెవుడు ఉన్నవాళ్లకు రేకు గొంతు ఎక్కలేదు. హాల్లో చెయ్యి పట్టుకుని ఊపే మనిషి తెరలోంచి బయటికి రాలేదు.

కానీ ఆమె ఒకటి కనిపెట్టింది. మంగళవారం కాని రోజు, స్నానానికి రానని మొండికేసినప్పుడు, పాడింది. వచ్చాడు. చొక్కా గుండీలు పెట్టనివ్వనప్పుడు పాడింది. పెట్టనిచ్చాడు. ల్యాప్‌టాప్ మూసే ఉంది. టీచరమ్మ వద్దన్న గొంతు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇల్లంతా తిరుగుతోంది.

సెప్టెంబరు వచ్చింది. ఒక రాత్రి కూతురు ఫోన్‌కు వీడియో పంపింది. "అమ్మా, ఇది చూడు."

ససెక్స్‌లో ఒక ఇల్లు. పియానో ముందు ఎనభై ఏళ్ల పెద్దాయన, పాల్ హార్వే. ఒకప్పుడు కచేరీలు చేసి, తర్వాత సంగీతం మాస్టారుగా పనిచేసిన మనిషి. ఇప్పుడు డిమెన్షియా. పక్కన కొడుకు నిక్. తండ్రితో పాత ఆట ఒకటి ఆడుతున్నాడు. ఏవో నాలుగు స్వరాలు చెబుతాడు. వాటితో నాన్న అప్పటికప్పుడు బాణీ కట్టాలి. ఎఫ్, ఎ, డి, బి. పొంతన లేని నాలుగు స్వరాలు. పెద్దాయన వేళ్లు ఒక క్షణం మెట్ల మీద తచ్చాడాయి.

తర్వాత ఆగలేదు.

ఆ వీడియో పది లక్షల మందికి పైగా చూశారు. బీబీసీ ఫిల్‌హార్మోనిక్ ఆ బాణీని పూర్తి ఆర్కెస్ట్రాతో రికార్డు చేసింది. 2020 నవంబరు 1న విడుదలైంది. స్కాట్లండు దాత టామ్ హంటర్ పది లక్షల పౌండ్లు ఇచ్చాడు. ఆ డబ్బు అల్జైమర్స్ సొసైటీకి సగం, మ్యూజిక్ ఫర్ డిమెన్షియా ప్రచారానికి సగం వెళ్లింది. జనమంతా తండ్రి వేళ్లు చూశారు. వంటింట్లో ఆమె మాత్రం వీడియోను వెనక్కి తిప్పి, కొడుకు స్వరాలు చెప్పే ముక్క ఇంకోసారి పెట్టుకుంది.

* * *

2021 మే 17. ఇంగ్లండులో ఆంక్షలు సడలాయి. బృందాలు హాళ్లు బుక్ చేసుకున్నాయి. కిటికీలు తెరిచి దుమ్ము దులిపాయి. ఆమె ఆయన బూట్లకు పాలిష్ పెట్టింది.

మర్నాడు ప్రభుత్వం నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చిపడ్డాయి. ఔత్సాహిక గాయకులు గది లోపల ఆరుగురికి మించి పాడరాదు. పబ్బుల్లో జనం పక్కపక్కన కూర్చుని తాగుతున్నారు, ఫుట్‌బాల్ మైదానాల్లో అరుస్తున్నారు, పాటకు మాత్రం ఆరుగురు. బృందాలు భగ్గుమన్నాయి. పార్లమెంటు దాకా వెళ్లింది గొడవ. బూట్లు మళ్లీ అల్మారా ఎక్కాయి.

రెండు నెలలు. జూలై 19న ఆ అడ్డు కూడా తొలగింది.

గుంపు నడిపే ఆవిడ ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "హాలు తెరుస్తున్నాం! కుర్చీలు ఎడంగా వేస్తాం. టీ ఉంటుంది. వస్తున్నారుగా?"

ఆమె నడవా వైపు చూసింది. ఈ ఏడాదిలో ఆయన నడక మందగించింది. బస్సు ఎక్కడం కష్టం. కొత్త చోటంటే భయం. ఆ హాలు ఇప్పుడు ఆయనకు కొత్త చోటే.

"వస్తాం," అంది. "కానీ జూమ్ తీసేస్తారా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఆయన బూట్లు వేసుకోనని మొండికేసిన వారం ఏం చెయ్యాలి మరి?"

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. ఇలా అడిగింది ఈమె ఒక్కతే కాదు. మంచం దిగలేనివాళ్లున్నారు. ముప్పై మైళ్ల అవతల పల్లెలో ఉన్నవాళ్లున్నారు. లాక్‌డౌన్‌లోనే మొదటిసారి చేరి, హాలు మొహమే చూడనివాళ్లున్నారు. హాళ్లు తెరిచాక కూడా సొసైటీ ఆన్‌లైన్ పాటలను ఆపలేదు.

"సరే, గురువారం పెడదాం. మంగళవారం హాలు, గురువారం తెర. లింకు పాతదే. పదకొండింటికి."

"మైకు ఆపేయాలా?"

"ఆపేయాల్సిందే. లేకపోతే ఆ కుక్కతో పడలేం."